ఆఖరి పలక

గుడియాత్తం బజారు వీధిని ఇప్పుడు చూసినవాళ్ళకు అది ఒకప్పుడు ఎంత ఇరుకో చెప్తే నమ్మరు. ఇప్పుడు రెండు లారీలు పక్కపక్కనే పోతాయి. అప్పట్లో ఎదురుగా ఎద్దులబండి వస్తే ఏదో ఒక అంగడి మెట్లెక్కి నిలబడాల్సిందే. ఎక్కినవాళ్ళను అంగడివాళ్ళు ఉత్త చేతులతో పంపరు. పెళ్ళయిన కొత్తలో నేను బండికి దారిచ్చి జాకెట్టు గుడ్డలు కొనుక్కొచ్చాను. ఆ ఎద్దుకు అంగడివాడు కమిషను ఇస్తున్నాడేమో అని మా అత్త చాలా రోజులు నవ్వింది.

నా పేరు సుగంతి. మా ఆయన పెరుమాళ్ కట్టుబడి మేస్త్రీ. ఆయన దగ్గరే ఇసక జల్లించాను, కాంక్రీటు కలిపాను, ఆయన తిట్లు తిన్నాను, తిన్నన్ని తిరిగి పెట్టాను. మంచి మనిషి. నోరే కొంచెం దురుసు.

ఆ వీధి మధ్యలో చెంగల్రాయలు లుంగీల అంగడి ఉండేది. కొత్త లుంగీల గంజి వాసన మలుపు దగ్గరికే తగిలేది. ఆ అంగడికి ఇనుప షట్టర్ లేదు. నిలువెత్తు టేకు పలకలు, వాటికి పైనా కిందా గాడి. అంగడి కట్టేసేటప్పుడు ముసలాయన ఒక్కో పలకనూ గాడిలో పెట్టి పక్కకు తోసేవాడు. టక్... టక్... అని వీధంతా వినపడేది. ఆఖరి పలక పెట్టే ముందు మాత్రం ఆగి, ఆ సందులో తల దూర్చి అడిగేవాడు.

"లోపల ఎవరన్నా ఉండారా?"

ఒక్కసారే అడిగేవాడు. ఎప్పుడో ఎవరి బిడ్డో మూటల వెనక నిద్రపోయి, తెల్లవార్లూ లోపలే ఉండిపోయిందట. అప్పటినుంచీ ఈ అలవాటు. లోపల ఉన్నవాళ్ళు బదులు చెప్పాలి. చెప్పకపోతే ఆఖరి పలక పడిపోతుంది. బజారుకు పోయి వచ్చే వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది.

రోడ్డు వెడల్పు చేస్తామని గీతలు గీసినప్పుడు ఆ అంగడి మొత్తం గీత లోపల పడింది. కొట్టేసే పని మా ఆయనకే వచ్చింది. ఆ రోజు జేసీబీ వెనక గోడలు పడగొడుతూ ఉంటే, ముసలాయన ముందరి పలకలు తన చేత్తోనే పెడుతూ వచ్చాడు, రోజూ కట్టేసినట్టే. ఆఖరి పలక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఉండప్పా పెరుమాళ్, ఒక్కసారి అడిగేస్తా."

"వెనక గోడే లేదు పెద్దాయనా! లోపల ఎవరుంటారు, కాకులా?" అని మా ఆయన ఆ పలక చేతిలోంచి లాగేసుకున్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ముసలాయన నవ్వలేదు. "అడక్కుండా మూసేస్తే పాపం రా" అన్నాడు. కొన్నాళ్ళకే వేలూరు దగ్గర బాగాయంలో కూతురింట్లో పోయాడని తెలిసింది. మంచాన పడినా, రోజూ పొద్దు కుంకే వేళకు లేచి కూచుని, ఎవరినో పిలిచేవాడట.

పలకలు మాకు మిగిలాయి. మా కొడుకు రూపేష్ ఆంబూరులో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. వాడికి పెళ్ళి కుదిరింది. వచ్చే కోడలికి ఒక గదైనా ఉండాలి కదా అని ఇంటి పక్కనే కొత్త గది లేపాము. మిద్దె వేయడానికి సెంట్రింగ్ చెక్కలు అద్దెకు తేవడం ఎందుకని, ఆ టేకు పలకలే పరిచి వాటి మీద కాంక్రీటు పోశాము. సరిగ్గా సరిపోయాయి. ఒక్క వేలెడు ఎక్కువ లేదు, తక్కువ లేదు. మా ఆయన మురిసిపోయాడు. నాకు మాత్రం అంత సరిగ్గా సరిపోవడం ఎందుకో నచ్చలేదు.

మిద్దె ఆరాక, ఒక సాయంత్రం పలకలు విప్పడానికి పూనుకున్నాము. ఆయన లోపల మిద్దె కింద నిలబెట్టిన పోటు కర్రలు సడలించి పలకలు ఊడదీస్తాడు. నేను వాకిట్లో అందుకుని ఇసక మీద పేరుస్తాను. గదికి ఇంకా తలుపు బిగించలేదు. లోపల ఒక బల్బు వేలాడుతోంది.

పలకలన్నీ బయటికి వచ్చాయి. ఆయన లోపలే ఉండి మిద్దె అడుగు చూసుకుంటున్నాడు. అప్పుడే కరెంటు పోయింది.

"ఏమయ్యా, బయటికి రా. కర్ర తగిలి పడతావు."

"వస్తా ఉండా. ఏమే, నీకేమన్నా వాసన వస్తా ఉండాదా?"

వస్తోంది. పచ్చి సిమెంటు వాసన కాదు. గంజి... కొత్త లుంగీ మడత విప్పితే వచ్చే వాసన.

టక్.

ఏదో కర్ర పడిందనుకున్నాను.

టక్... టక్...

ఆ చప్పుడు నాకు తెలుసు. చెయ్యి చాపి ఇసక మీద తడిమాను. నేను పేర్చిన పలకలు అక్కడ లేవు. లేచి గది వాకిలి వైపు చూశాను. ఎవరూ లేరు. కానీ వాకిలికి ఒక్కో పలకా వచ్చి పడుతోంది. ఎడమ నుంచి కుడికి... వరుసగా...

ఒక్క సందు మిగిలింది.

ఆ సందులోంచి పసుపు వెలుతురు వస్తోంది. తొంగి చూశాను. లోపల మా గది లేదు. లుంగీలు తాళ్ళకు వేలాడుతున్నాయి, మూటలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. వెనక గోడ ఉండాల్సిన చోట గోడ లేదు, బజారు వీధి ఉంది. ఆ పాత ఇరుకు వీధి. మనుషులు నడుస్తున్నారు. ఎవరి కాళ్ళూ చప్పుడు చేయడం లేదు. మా ఆయన నాకు వీపు పెట్టి నిలబడి అదే చూస్తున్నాడు.

నా చెవి పక్కనే ముసలి గొంతు వినపడింది.

"లోపల ఎవరన్నా ఉండారా?"

చీకట్లో ఎవరు పిలిచినా మూడుసార్లు పిలిచేదాకా పలకకూడదని మా ఇళ్ళలో పాలతోబాటు పట్టి పెంచుతారు. పలికితే దయ్యం ప్రాణం పట్టుకుపోతుందంటారు. మా ఆయన భుజాలు బిగుసుకోవడం చూశాను. నోరు మూసుకున్నాడు. రెండో పిలుపు కోసం, మూడో పిలుపు కోసం చెవి పెట్టి నిలబడ్డాడు.

రెండో పిలుపు రాలేదు. ముసలాయన ఎప్పుడూ ఒక్కసారే కదా అడిగేది!

ఉండాడు, లోపల మా ఆయన ఉండాడు అని నేను అరవాలి. ఆ ఒక్క మాట అంటే చాలు. నాకు తెలుసు. కానీ నన్నూ అట్లాగే పెంచారు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది...

టక్.

కరెంటు వచ్చింది. పలకలు ఇసక మీద నేను పేర్చినట్టే ఉన్నాయి. వాకిలి తెరిచే ఉంది. గదిలో బల్బు ఊగుతోంది. మా ఆయన లేడు.

పోలీసులు వచ్చి చూశారు. భార్యాభర్తలకు తగాదాలున్నాయా అని అడిగారు. రోజూ ఉంటాయన్నాను. ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటాడని రాసుకుని పోయారు. రూపేష్ వేలూరు, ఒడుగత్తూరు, తెలిసిన చోటల్లా వెతికాడు. పెళ్ళి ఆపేశాము. పలకలు కాల్చేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. అవి కాలిపోతే ఆయనకు వాకిలే ఉండదు.

ఒకటే దారి తోచింది నాకు. పొద్దు కుంకే వేళకు బజారు వీధికి పోతాను. చెంగల్రాయలు అంగడి ఉన్నచోట ఇప్పుడు కొత్త తారు రోడ్డు. పక్కనున్న కాలవ గట్టు మీద నిలబడి, రోడ్డు వైపు వంగి అడుగుతాను. జనం నన్ను పిచ్చిదనుకుంటున్నారు. అనుకోనీ. ఆ రోజు తెరుచుకోని నోరు ఇప్పుడు రోజూ తెరుచుకుంటోంది.

నిన్న కూడా అడిగాను.

"లోపల ఎవరన్నా ఉండారా?"

లారీలు ఆగిన కాసేపు వీధి నిశ్శబ్దంగా ఉంది. కాళ్ళ కింద, తారు కింద, మనిషి నడిచి వస్తున్న చప్పుడైంది. తర్వాత ఆయన గొంతే. పని మధ్యలో పిలిస్తే విసుక్కుంటూ బదులు చెప్పే ఆ గొంతే, ఒక్క రవ్వ కూడా మారలేదు.

"ఎవరూ లేరప్పా. మూసెయ్."

నేను ఏడవడం కూడా మరిచిపోయాను. అన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఏమే అన్నాడు, సుగంతీ అన్నాడు, కోపమొస్తే ఇంకా చాలా అన్నాడు. అప్పా అని మగవాళ్ళనే పిలుస్తాడు. ఆ మాట ఆయన నాకు చెప్పలేదు. నా పక్కన నిలబడి ఉన్నవాళ్ళకు చెప్పాడు.

నేను తల తిప్పలేదు. నా భుజం మీద ఎవరిదో ఊపిరి తగులుతోంది, వెచ్చగా, గంజి వాసనతో.