పందొమ్మిది గ్రాములు

ఉదయం 6.10కి రాళ్లబావి నీటి కేంద్రంలో ఆ రోజు మొదటి ఫ్లోరిన్ తీత మొదలైంది. పాత్రలో నీళ్లు లేవు. కేంద్రం నడిపే అండాలు పాత్ర అడుగున పడుకుని ఉంది. మీట నొక్కింది ఆమె అన్న లింగస్వామి, మోచేత్తో.

మామూలు రోజైతే పాత్రలో పన్నెండు వేల లీటర్ల బోరు నీళ్లుంటాయి. తీత నడిచే పది నిమిషాలు మండలమంతా కరెంటు ఉండదు. పాత్ర ప్రతి ఫ్లోరిన్ కేంద్రకం నుంచి ఒక ప్రోటాన్‌ను లాగేస్తుంది. మిగిలేది ఆక్సిజన్. లాగిన ప్రోటాన్ హైడ్రోజన్‌గా దానికే అతుక్కుంటుంది. పోయిన ఫ్లోరిన్ ఎంతో తెర మీద గ్రాముల్లో పడుతుంది. తర్వాత మొదటి గ్లాసు, గేటు దగ్గర బిందెలతో నిలబడ్డవాళ్లు చూస్తుండగా, కేంద్రం నడిపేవాళ్లే తాగాలి. అది నియమం. అండాలు ఆరేళ్లుగా తాగుతోంది.

లింగస్వామికి నలభై మూడేళ్లు. కేంద్రం రాకముందు అతను తాగినవన్నీ ఆ బోరు నీళ్లే. ఎనిమిదేళ్ల కిందట మెడ వంగి బిగుసుకుంది. ఈ ఏడాది పక్కటెముకలూ బిగిసి, ఛాతీ నిండా ఊపిరి అందడం లేదు. ఎండాకాలం దాటడని డాక్టరు చెప్పాడు. ఎముకలో ఫ్లోరిన్ చేరిన చోట ఆక్సిజన్, హైడ్రోజన్ ఉంటే అది మామూలు ఎముకే. ఆ సంగతి రాసి, అన్నను పాత్రలోకి అనుమతించమని అండాలు నీటి శాఖ కార్యాలయానికి మూడుసార్లు దరఖాస్తు పెట్టింది. పాత్ర నీళ్లకు మాత్రమేనని మూడుసార్లూ జవాబు వచ్చింది.

మీట నొక్కడానికి లింగస్వామి మొదట ఒప్పుకోలేదు.

"రోగం నాదైతే నువ్వు పండుడేందే?"

"నీళ్లయితే ముందుగాల నేనే తాగుత గదా. ఇది గూడ గంతే."

"నీకేమన్నయితే?"

"నీ మెడ తిరగదు గని, నోరు మస్తు తిరుగుతది. నొక్కు అన్నా."

"ఎనిమిదేండ్ల సంది నీ కాళ్లే చూస్తున్న. మొకం మర్చిపోయిన." అని నొక్కాడు.

6.20కి ఆమె బయటికి వచ్చింది. తెర మీద నాలుగు గ్రాములు. వేళ్లు ముడిచి, తెరిచి చూసుకుంది. అన్నను లోపలికి దించింది. వెల్లకిలా పడుకోబెట్టడం కుదరక పక్కకు తిప్పి, తల కింద తువ్వాలు పెట్టింది. 6.31కి మీట నొక్కింది.

6.34కి ఫోన్ మోగింది. కార్యాలయంలో డ్యూటీలో ఉన్న అధికారి. తెర మీద పడే గ్రాములు అక్కడా కనిపిస్తాయి.

"అండాలూ, పాత్రలో ఏముంది?"

"మా అన్న, సార్."

"ఆపు. వెంటనే ఆపేయ్."

"సగంల ఆపితే ఏమైతది?"

"తెలియదు. ఎవరూ చేయలేదు."

"మొత్తం జేస్తే?"

"అదీ తెలియదమ్మా."

ఆపే మీట ఆమె చేతి పక్కనే ఉంది. ఆమె ఫోన్ పెట్టేసింది.

6.41కి తీత ముగిసింది. పందొమ్మిది గ్రాములు. మూత తెరిచేసరికి లింగస్వామి నోరు తెరిచి, ఛాతీ నిండా గాలి పీల్చాడు. రెండు పక్కటెముకలు విరిగిన చప్పుడు ఆమెకు వినిపించింది. లేపబోయింది.

"ఆగవే," అన్నాడు. "ఇంకోటి పీల్చనియ్యి."

పీల్చాడు.

7.05కి కార్యాలయం జీపు వచ్చింది. అప్పటికి లింగస్వామిని చూసినవాళ్ల నోట కబురు పాకి, గేటు ముందు నలభై ఒక్క మంది వరుసలో ఉన్నారు. బిందెలు గోడ పక్కన పెట్టేశారు. వరుసలో మొదటి మనిషిని నలుగురు మంచం మీద మోసుకొచ్చారు. జీపుకు ఎవరూ దారి ఇవ్వలేదు.