ముర్డో పంచిన ఉన్ని టోపీలు

"ఈ సభ నావల్ల కాదండీ. హంతకుడి ముందు నిలబడి నవ్వలేను!"

అంటూ ఏవ్రిల్ టీ కప్పు పక్కన పెట్టేసింది. పాదిరీ, ప్రార్థన లేకుండా, పోయినవాళ్ల జ్ఞాపకాలు పోగుచేసి వీడ్కోలు సభలు నడపడం ఆమె వృత్తి. చేపల వేటగాడు ముర్డో నెల కిందట నదిలో శవమై తేలాడు. జారిపడ్డాడని పోలీసులు తేల్చేశారు. దహనం ఏ తంతూ లేకుండా ముగిసింది. ఆయన కోరుకున్న అసలు వీడ్కోలు మాత్రం రేపు, ఆయన పడవల కొట్టంలో.

"ఎందుకంత భయం?" అంది డిటెక్టివ్ హెస్టర్.

"ఆయన కబుర్లకోసం ఇంటింటికీ తిరిగాను. మోకాలు దెబ్బతిన్నాక ఒంటరిగా పడవెక్కేవాడు కాదని అందరూ అన్నారు. మరి ఆ రోజు తోడెవరంటే, ఎవరికి వాళ్లు 'నేను కాదు' అన్నారు."

హెస్టర్ సహాయకుడు ఫిన్లే అది రాసుకున్నాడు.

పక్కనే కూర్చున్న ముర్డో కూతురు ఇస్లా కళ్లు తుడుచుకుంది. "ఏటా పుట్టినరోజుకి నాన్నకి నీలం టోపీ అల్లుతాను. కొత్తది పెట్టుకున్న రోజే పాతది మనసుకి నచ్చినవాళ్లకి ఇచ్చేస్తాడు. ఆ పొద్దున నా చేతులతో కొత్తది పెట్టాను. ఉన్ని చాలక లోపలి అంచు ఆకుపచ్చది వేశాను. శవానికి టోపీ లేదండీ. పాతది మాత్రం కోటు జేబులో ఉంది."

"కొత్తది నీళ్లలో కొట్టుకుపోయుంటుంది మేడమ్" అన్నాడు ఫిన్లే.

"పోయుంటే సరే నాయనా, పోకపోతేనో? ఏవ్రిల్, సభకి ఎలా రమ్మన్నారు?"

"నల్లబట్టలొద్దు, ముర్డో ఇచ్చిన టోపీతో రమ్మన్నాను."

"భేష్! మౌనం పాటించే ముందు అవి తీయించి, బల్లమీద బోర్లా కాదు, వెల్లకిలా పెట్టించండి."

మర్నాడు ఈదురుగాలికి కొట్టం తలుపులు కొట్టుకుంటున్నాయి. ముర్డో వేట భాగస్వామి గారెత్ అందరికన్నా గట్టిగా ఏడుస్తున్నాడు. "అందరికంటే ముందు నాకే ఇచ్చాడమ్మా టోపీ!" అన్నాడు. ఆ ఏడుపు చూసి ఫిన్లే జేబురుమాలు అందించాడు.

టోపీలన్నీ బల్లమీదికి చేరాయి. గారెత్ పెట్టినదాని లోపలి అంచు ఆకుపచ్చగా ఉంది. హెస్టర్ దాన్ని పైకెత్తింది.

"గారెత్ గారూ, ఇది పాతది కాదు. ముర్డో చనిపోయిన పొద్దున్నే ఇస్లా పెట్టింది. ఆయన ఇది పెట్టుకునే పడవెక్కాడు. ఆయనతో పడవలో ఉన్నవాడికి తప్ప ఇంకెవరికీ ఇది దొరకదు."

గారెత్ ఏడుపు టక్కున ఆగింది.

"జీవితమంతా పక్కన నిలబడి వలలు లాగాను" అన్నాడు. "ఊళ్లో ప్రతి వెధవకీ ఇచ్చాడు, నాకు తప్ప! అదే అడిగితే నవ్వాడు. జేబులో చెయ్యి పెట్టుకుని మరీ నవ్వాడు! ఒళ్లు మండి తోసేశాను. టోపీ పడవలో పడిపోయింది. ఇవాళ టోపీ లేకుండా వస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

ఇస్లా సంచిలోంచి వెలిసిపోయిన టోపీ తీసింది.

"ఆ జేబులో ఉన్నది ఇదే, అంకుల్. నాన్న ఇది నీకోసమే తెచ్చాడు."

గారెత్ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. పోలీసులు వచ్చేదాకా తలకి పెట్టుకోలేదు, కింద పెట్టనూ లేదు.