తిట్లకు మార్కుల్లేని ఊరు

వకుళ పళ్ళు తోముకుంటుండగా మణికట్టు మీది బంధపట్టీ పసుపురంగుకు తిరిగింది. విడాకులు నిన్న సాయంత్రమే ఖరారయ్యాయి. పట్టీకి రాత్రంతా కునుకు పట్టినట్టు లేదు. "మీ నివాసానికి ఇప్పుడు ఆసరాదారు లేరు. నెలలోగా కొత్త ఆసరాదారును చూపండి, లేదా నగరం విడిచి వెళ్ళండి" అని తేనె పూసిన గొంతుతో చెప్పింది.

ఉత్తర సముద్రం మీద తేలే సిగర్‌హావ్న్ నగరంలో పరాయి దేశస్థులకు పెళ్ళి కాగితాలొక్కటే చాలవు. కాగితం అబద్ధమాడుతుంది, గొంతు ఆడదు అని అక్కడి ప్రభుత్వం నమ్మకం. పట్టీ ఇంట్లో మాటలు వింటుంది, గొంతులోని మెత్తదనాన్ని కొలుస్తుంది, ఎవరికి ఎవరు ఆసరానో తేలుస్తుంది. వకుళా, ఆమె భర్త నిఖిలేశూ కొన్నేళ్ళుగా "కాఫీ కావాలా?", "థాంక్స్" తప్ప మరో మాట ఎరగరు. పట్టీ మాత్రం వాళ్ళ కాపురానికి చివరిరోజు దాకా నిండుగా మార్కులు వేసింది. విడాకులడిగింది వకుళే. అతను దానికీ థాంక్స్ చెప్పి వేరే ఊరికి వెళ్ళిపోయాడు.

ఆమెకిప్పుడు కావలసింది కోత దాకా గడువు. ఆ నగరంలో నీటి మీద తేలే మడుల్లో ఉప్పునీటి వరిని మొదటిసారి నాటింది ఆమే. పంట చేతికొస్తే సొంత పేరు మీద నివాసపు హక్కూ, ఇల్లూ ఇస్తారు. చేను ఇంకా పొట్ట మీదే ఉంది, కోత నెలలో అయ్యేది కాదు. దాన్ని వదిలి వెళ్ళే ప్రసక్తే లేదని ఆమె ఎప్పుడో తేల్చుకుంది.

"నేను లేనుటే? ఆసరా నేనని రాసుకోమను" అంది వంటింట్లోంచి భ్రమరాంబ. ఆవిడ నిఖిలేశ్ తల్లి. అమలాపురం నుంచి వచ్చి, ఇక్కడి ఆసుపత్రిలో జీవితమంతా నర్సుగా చేసి పౌరురాలైంది. ఇల్లూ ఆవిడదే.

"నీ కొడుకుని వదిలేసినదాన్ని అత్తా."

"వాడితో నువ్వేం వేగావో నాకు తెలీదా? పొద్దస్తమానం థాంక్సూ, సారీనూ. ఇంట్లో మనిషున్నట్టుండేదా?"

నివాస కార్యాలయంలో అధికారిణి తెర చూసి కంగారుపడింది. అత్తాకోడళ్ళ వరస అంతా ఎర్రగా ఉంది. తీవ్ర శత్రుత్వం అని రాసుంది. ఆమె గొంతు తగ్గించి, "అమ్మా, మీకేమైనా రక్షణ కావాలా?" అని భ్రమరాంబను అడిగింది.

"రక్షణేంటమ్మా! నాకు జొరమొస్తే రాత్రుళ్ళు కూచుని చూసింది ఈ పిల్లే. చూస్తూ చూస్తూ తిట్టింది, అంతే."

"ఆ రాత్రుల కొలతే అన్నిటికంటే ఎరుపు" అంది అధికారిణి. కొలత మారితేనే గడువిస్తానని, భ్రమరాంబ చేతికీ ఒక పట్టీ కట్టి పంపించేసింది.

దారిలో వకుళ ఆగింది. "కోత దాకా నోరు కట్టేసుకోవాలి అత్తా. నీ వల్ల అవుతుందా?"

"నీ వల్ల అయితే నా వల్లా అవుద్ది."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మర్యాద రాజ్యమేలింది. "పచ్చడి వడ్డించమంటారా వకుళగారూ?" అని ఆవిడ అంటే, "మీ దయండీ" అని ఈవిడ. మొదట్లో ఇద్దరూ దిండ్లలో మొహాలు దాచుకుని నవ్వుకునేవారు. పట్టీలు ఆకుపచ్చగా మారాయి, గడువు దొరికింది. రానురాను నవ్వు పోయి మర్యాద ఒక్కటే మిగిలింది. ఒకసారి వకుళ మడుల్లోంచి తడిసి ముద్దై వస్తే, ఎప్పుడూ తల పట్టుకుని తిడుతూ తుడిచే అత్త దూరం నుంచే తువ్వాలు అందించి "తుడుచుకోండి" అంది. వకుళకు ప్రాణం ఉసూరుమంది. అయినా పళ్ళు బిగించింది. వరి పాలు పోసుకుంది, గింజ కట్టింది, కోతకొచ్చింది.

సొంత నివాసం మంజూరైన రోజు కార్యాలయంలో ఇద్దరి పట్టీలూ తీసేశారు. వకుళ దారిలో వడ్ల మొదటి బస్తా నగరపు గిడ్డంగికి అప్పగించి ఇంటికొచ్చింది. ముందుగా వచ్చేసిన భ్రమరాంబ అప్పటికే ఆమె పెట్టె సర్ది గుమ్మం దగ్గర పెట్టింది.

"మీకు ఇల్లిస్తారట కదండీ. అన్నీ సర్దాను, ఒకసారి చూసుకోండి."

"పట్టీలు లేవు కదా అత్తా, ఇంకా ఏంటిది?"

ముసలావిడ గోడ వైపు తిరిగింది. "ఏమని తిట్టమంటావే? కోడలివి కాదు. ఆసరా కావాల్సినదానివీ కాదు. నిన్ను తిట్టడానికి నాకు ఏ వరస మిగిలింది?"

వకుళకు ఒళ్ళు మండింది. పెట్టె ఎత్తి నేల మీద బోర్లించింది. "ఇదా నీ సర్దుడు? పట్టుచీర మీద తడిబట్ట పెట్టావు, కళ్ళు కనపడ్డంలేదా ముసలిదానా?"

భ్రమరాంబ ఆ గుట్టను చూసింది. మెడ ఎర్రబడింది. "నడుం పడిపోయేలా సర్దితే నేలపాలు చేస్తావుటే మొద్దుమొహమా! ఎత్తు! ఒక్కోటీ మడతపెట్టి ఎత్తు!"

"ఎత్తను" అని వకుళ బట్టల మధ్యే కూలబడి భోరుమంది.

భ్రమరాంబ తిడుతూనే వచ్చి, పట్టుచీర దులిపి, ఒక కొస తను పట్టుకుని రెండోది ఆమె ఒళ్ళో పడేసింది. "ఏడ్చింది చాల్లే. లేచి గట్టిగా పట్టుకో" అంది.