చూద్దాంగారికి గేరు పడింది

వర్షంలో ఆ బండి మా షెడ్డులోకి వచ్చింది అనడం కంటే, అరుచుకుంటూ వచ్చింది అనడం సబబు. ఇంజిన్ గొంతు చించుకుంటోంది. చక్రాలు మాత్రం ఎవరో బతిమాలితే కదిలినట్టు కదులుతున్నాయి. చదరపు మొహం, నాలుగు చక్రాలూ లాగే పాతకాలపు కొండ బండి.

దిగినమ్మాయి జుట్టులో ఒక గడ్డిపరక ఉంది. తీయమని చెప్పాలా వద్దా అని నేను ఆలోచిస్తూ ఉండిపోయాను.

"దీన్ని ఆటోమేటిక్ అంటారట. ఏం ఆటోమేటిక్? తోస్తే తప్ప కదలట్లేదు," అంది.

"చూద్దాం," అన్నాను.

"రెండో గేరు నుంచి మూడుకి వెళ్లేటప్పుడు ఇంజిన్ ఎగిరిపడుతోంది. బండి మాత్రం అక్కడే ఉంటోంది."

"చూద్దాం."

"బాగవుతుందా అసలు?"

"చూద్దాం."

"మీ పేరే చూద్దామా?"

షెడ్డు మా బావది. వెనక టైరు విప్పుతున్నవాడల్లా పకపకా నవ్వాడు. "భలే పెట్టావమ్మా పేరు! అన్నం వడ్డించనా అని మా ఆవిడ అడిగినా వీడి జవాబు అదే."

ఆ మాట వెనక నేను చాలా ఏళ్లుగా కాపురం ఉంటున్నాను. అవునంటే బాధ్యత. కాదంటే గొడవ. రెండింటికీ మధ్య ఓ చిన్న గది ఉంది, గడియ లోపలివైపు. దాని పేరు చూద్దాం.

ఆమె పశువుల డాక్టరు. కొండ మీద మందల దగ్గరికి వెళ్లడానికి ఆ బండి తప్ప దిక్కులేదు. "ఇది మూలపడితే, కొండ పని మానేసి కింద కుక్కలకి సూదులు వేసుకోమంటున్నారు మా నాన్న," అని చెప్పి, "కుక్కలంటే ఇష్టమే. కానీ పైన ఉన్నవాటికి నేను తప్ప ఎవరూ లేరు," అంది.

నేను గేర్‌బాక్స్ దించాను.

మర్నాటి నుంచి సాయంత్రం కాగానే ఆమె వచ్చేది. రోగిని చూసుకోవడానికట. నేను విప్పిన భాగాలు బల్ల మీద వరసగా పెడితే, వాటి మధ్య మోచేతులు ఆనించి ప్రశ్నలు వేసేది.

"కాలితో తొక్కే క్లచ్ లేదుగా దీనికి? మరి ఈ క్లచ్ ప్లేట్లేమిటి?"

"లోపల ఉంటాయి. ఆయిల్ ఒత్తిడి వాటిని ఒకదానికొకటి అదిమిపెడుతుంది. ఈ రబ్బరు సీలు గట్టిపడిపోయింది, ఒత్తిడి పక్కనుంచి కారిపోతోంది. ప్లేట్లు పట్టు దొరక్క జారి, మాడిపోయాయి."

"అంటే, పట్టుకోవాలనే ఉంటుంది. ధైర్యమే కారిపోతుంది. అంతేనా?"

"అది... సీలు."

"నేనూ సీలు గురించే అన్నాను," అంది, నా వంక చూడకుండా.

ఇంటికెళ్లి ఆ మాటని విప్పాను, కడిగాను, మళ్లీ బిగించాను. ప్రతిసారీ ఓ భాగం చేతిలో మిగిలిపోయింది.

కొత్త ప్లేట్లు, కొత్త సీళ్లు, కొత్త ఫిల్టరు. ఎర్రటి ఆయిల్ నింపి, కొండ మలుపుల దాకా నడిపి చూసి, వేడి వేడి బండిని వాళ్లింటికి తీసుకెళ్లాను. వాళ్ల నాన్న వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. జీవితమంతా లారీ నడిపిన మనిషి. ఎడమ కాలు ఖాళీగా ఉంటే ఆయనకి నమ్మకం కుదరదు.

"క్లచ్ లేని బండి కళ్లెం లేని గుర్రమయ్యా," అన్నాడు. "సరే, ఆయిల్ ఎలా చూడాలి? లారీకైతే ఇంజిన్ ఆపి చూసేవాణ్ని."

"దీనికి ఇంజిన్ నడుస్తుండగా చూడాలండీ. ఈ కడ్డీ బయటికి లాగితే, ఆయిల్ ఈ గీత దాకా ఉండాలి. తక్కువైతే పోయాలి. కాకపోతే..."

సరిగ్గా అప్పుడు ఆమె వచ్చింది. చేతుల్లో అప్పుడే పుట్టిన మేకపిల్ల, తడిసి వణుకుతోంది.

"కాస్త జరగండి. దీనికి వెచ్చదనం కావాలి."

బానెట్ మీద తువ్వాలు పరిచి దాన్ని పడుకోబెట్టింది. అది పడిపోకుండా నేను చెయ్యి అడ్డం పెట్టాను. వణుకు తగ్గాక అది నా వేలు నోట్లోకి తీసుకుని చప్పరించడం మొదలుపెట్టింది.

"చూశారా, నమ్మేసింది," అందామె నవ్వుతూ. "అది చూద్దాం అనలేదు."

జుట్టులో ఆ వేళా గడ్డిపరక ఉంది.

"ఆఁ, అర్థమైందిలే," అన్నాడు పెద్దాయన కడ్డీ తుడుస్తూ. ఏమర్థమైందో నేను అడగలేదు.

కొన్నాళ్లకి షెడ్డుకి ఫోనొచ్చింది.

"చూద్దాంగారూ, బండి మళ్లీ జారుతోంది. నాన్న పాత ఇనుము ఆయన్ని పిలిచేశారు. గేటు ముందు లారీ ఆగి ఉంది. వస్తారా?"

"చూ..."

"ఆ మాట పూర్తిచేశారంటే ఫోన్ పగలగొడతాను."

"వస్తున్నాను," అన్నాను. అది నా గొంతేనా అని బావ వెనక్కి తిరిగి చూశాడు.

వెళ్లేసరికి పాత ఇనుము ఆయన బండి చుట్టూ తిరుగుతూ, "బరువు బాగానే తూగుతుంది," అంటున్నాడు. తలుపు తీయకుండా ఆమె స్టీరింగు పట్టుకుని లోపలే కూర్చుంది. అప్పటిదాకా కాలనీ చుట్టూ తిప్పుతూనే ఉందట, ఇవ్వనని మొండికేసి. వాళ్లమ్మ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

పెద్దాయన నన్ను చూసి కేకలు వేస్తాడనుకున్నాను. వేయలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"నిన్న కొండ ఎత్తు ఎక్కుతూ వెనక్కి వచ్చేసిందయ్యా, పిల్ల లోపల ఉండగా. నాకు బండి మీద కోపం లేదు. భయం."

ఇంజిన్ ఆపవద్దని ఆమెతో చెప్పి కడ్డీ లాగాను. ఆయిల్ గీత దాటి చాలా పైకి ఉంది. దాని నిండా, పాలు పొంగడానికి ముందు వచ్చేలాంటి బుడగలు. వాసన చూశాను. మాడిన వాసన లేదు. రంగు ఇంకా ఎర్రగానే ఉంది.

"ఇందులో ఆయిల్ ఎవరు పోశారు?"

"నేనే," అన్నాడు పెద్దాయన, గర్వంగా. "నువ్వు చెప్పినట్టే. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తాను. గీత కిందే ఉంటోంది. రోజూ కాస్త కాస్త పోస్తున్నాను. పిల్లని మోసే బండి, కడుపు మాడ్చకూడదు కదా."

అర్థమైంది. నవ్వూ, సిగ్గూ ఒకేసారి వచ్చాయి.

"చల్లగా ఉన్నప్పుడు గీత కిందే ఉంటుందండీ. బండి నడిచి వేడెక్కాక ఆయిల్ వ్యాకోచించి గీతకి వస్తుంది. చల్లగా ఉండగానే గీత దాకా పోస్తే, తర్వాత ఎక్కువైపోతుంది. లోపల తిరిగే భాగాలు దాన్ని మజ్జిగలా చిలికేస్తాయి. నురగలో ఉండేది గాలి. గాలితో ప్లేట్లకి పట్టు దొరకదు."

"మరి ఆ ముక్క ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

చెప్పాను, మీరే వినలేదు అనొచ్చు. నా చిన్న గది తలుపు తెరిచే ఉంది. కానీ చూద్దాం అన్న మాట ఇక్కడ పనికిరాదు. ఆయన అడిగింది రేపటి సంగతి కాదు.

"సగం చెప్పానండీ. అప్పుడు మీ అమ్మాయి వచ్చింది. మిగతా సగం మరిచిపోయాను."

"పిల్ల వస్తే మరిచిపోవడమేమిటయ్యా?"

"ఆమె వస్తే నా మాటలు పూర్తికావండీ. షెడ్డుకి వచ్చిన మొదటి రోజు నుంచీ అంతే. నాకు ఆమె అంటే ఇష్టం. తప్పు బండిది కాదు, మీదీ కాదు. నాది."

ఆమె వైపు కిటికీ అద్దం మెల్లగా కిందికి దిగింది.

"ఇంతకీ బండి ఇస్తున్నారా, లేదా?" అన్నాడు పాత ఇనుము ఆయన.

"నువ్వు కాసేపు ఆగవయ్యా!" గుమ్మంలోంచి వాళ్లమ్మ కసిరింది. "ఇక్కడ ఇంకేదో తేలుతోంది."

పెద్దాయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు, కొనబోయే టైరుని చూసినట్టు. "ముందు బండి ఆ ఎత్తు ఎక్కాలి. మాటలు తర్వాత."

ఎక్కువైన ఆయిల్ తీసేశాను. నురగ అణిగేదాకా ఆగి, వేడి చేసి, మళ్లీ కొలిచాను. ఈసారి కడ్డీ పెద్దాయన చేతికే ఇచ్చాను. ఆయన కళ్లజోడు పైకెత్తి చూసి, "గీత మీద ఉంది," అన్నాడు.

అందరం ఎక్కాం. ఆమె నడిపింది, పక్కన వాళ్ల నాన్న. వెనక వాళ్లమ్మ, నేను, నేనూ చూస్తానంటూ ఇరుక్కున్న పాత ఇనుము ఆయన. దారిలో సన్నగా చినుకులు మొదలయ్యాయి. నిన్న బండి వెనక్కి జారిన ఎత్తు ఎదురుగా, గోడ లేచినట్టు లేచింది.

ఆమె గేరు పక్కనున్న చిన్న కర్ర లాగి నాలుగు చక్రాలకీ బలం కలిపింది. పెద్దాయన చెయ్యి తనకి తెలియకుండానే హ్యాండ్‌బ్రేక్ మీదికి వెళ్లింది.

ఒకటి. రెండు. రెండు నుంచి మూడుకి ఎప్పుడు మారిందో తెలియలేదు. తెలియకపోవడమే గెలుపు. బురదని రెండు పక్కలకీ చిమ్ముతూ, గొంతు పెంచకుండా, బండి తనదైన దారిలో నడిచినట్టు ఎక్కేసింది. సగం దారిలోనే పెద్దాయన చెయ్యి హ్యాండ్‌బ్రేక్ వదిలి ఒళ్లోకి వచ్చేసింది.

"నాకు నష్టమే గానీ, భలే ఎక్కిందమ్మా!" అంటూ మొదట చప్పట్లు కొట్టింది పాత ఇనుము ఆయనే.

పైన గడ్డి మైదానంలో బండి ఆపి, ఆమె దిగి నా ముందుకు వచ్చింది.

"నాకు చెప్పాల్సింది మా నాన్నకి చెప్తారా?"

"మీకు చెప్పబోతే పూర్తికాదుగా."

"రోజూ సాయంత్రం సీలు చూడ్డానికే వచ్చాననుకున్నారా?"

నేను చెయ్యి చాపి ఆమె జుట్టులోని గడ్డిపరక తీశాను. ఎన్నాళ్ల పని అది!

వెనక నుంచి పెద్దాయన దగ్గాడు. "ఏమయ్యా, బండిని బాగుచేశావు. ఒప్పుకున్నాను. మా అమ్మాయిని బాగా చూసుకుంటావా?"

"చూ..." అన్నాను.

వాళ్లమ్మ నుదురు కొట్టుకుంది. కూతురి కళ్లు చిన్నవయ్యాయి.

"...సుకుంటాను."

చూ అని మొదలుపెట్టి, చూద్దాం కాకుండా నేను పూర్తిచేసిన మొదటి మాట అది.

"ఈసారి మిగతా సగం ఏమీ లేదు కదా?" అన్నాడు పెద్దాయన అనుమానంగా.

"ఉంది నాన్నా," అంది ఆమె, నా చేతిలోని గడ్డిపరక లాక్కుంటూ. "నేనూ ఈయన్ని చూసుకుంటాను."