సముద్రంవైపు కంత

ఇసుక దిబ్బ మీది ఆ కాంక్రీటు గదిని ఊళ్ళో సిపాయిల కొట్టు అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపానువాళ్ళు దిగుతారని హడలిపోయి తెల్లదొరలు కట్టించారు. జపానువాళ్ళు రానూ లేదు, అది కూలనూ లేదు. చేపలు పట్టేవాళ్ళు అందులో వలలు పెట్టుకుంటారు, ఎండవేళ నడుం వాలుస్తారు. కట్టుబాటు ఒక్కటే. గోడలో సముద్రంవైపు ఉన్న, తుపాకి పెట్టి కాల్చే కంతలో దీపం పెట్టకూడదు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు, అగ్గిపెట్టె మాత్రం గుమ్మం బయటే వదిలి లోపలికి పోతారు.

రేణిగుంట నుంచి కోడలుగా వచ్చిన కోమలికి ఈ మాటంటే మొదటినుంచీ నవ్వే. ఆ సాయంత్రం మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. తుఫాను చెప్పినదానికంటే ముందే వచ్చిపడింది. ఒంటరిగా పడవేసుకుని పోయిన మొగుడు మునికుమార్ ఇంకా నీళ్ళ మీదే ఉన్నాడు. ఒడ్డున వేసిన మంటలన్నీ వానకు ఆరిపోయాయి. మబ్బుకు పొద్దుండగానే చీకటి కమ్మింది. దారి తప్పి, ఏరు సముద్రంలో కలిసే మొగలో పడ్డాడంటే పడవ ముక్కలైపోతుంది.

ఎత్తయిన చోటు, వాన తగలని చోటు ఆ కొట్టొక్కటే. కోమలి చార్జింగు లైటు చంకన పెట్టుకుంది.

"వద్దే కోమలీ! ఆ కంతలో మాత్రం పెట్టొద్దే!" అత్త అక్కమ్మ కొంగు పట్టుకుని లాగింది.

"నీ కొడుకు బతకల్లా వద్దా అత్తా?" విదిలించుకుని దిబ్బ మీదికి పరుగెత్తింది.

లోపల తడి ఇసుక, కుళ్ళిన చేపల వాసన. లైటు కంతలో పెట్టి బయటికి చూసింది. మెరుపుల వెలుగులో అలల మధ్య పడవ తేలింది. మెల్లగా ముక్కు ఇటు తిప్పింది. మునికుమార్ లేచి నిలబడి చెయ్యి ఊపాడు. కోమలికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు వాసన మారింది. తుపాకి నూనె... చెమట... బీడీ పొగ...

వెనక ఎవరో ఊపిరి పీల్చారు.

"జపానోళ్ళు కనపడినారు." చెవి పక్కనే గుసగుస.

"మా... మా ఆయనప్పా..."

"ఊపిరి బిగబట్టు."

తుపాకి మోతకు గది దద్దరిల్లింది. ఒకటి... ఇంకోటి... ఆగకుండా. మునికుమార్ భుజం చీలిపోయింది. రెండో చెయ్యి పైకెత్తాడు, కాల్చొద్దన్నట్టు. దవడ ఎగిరిపోయింది. పడవ అంచు తునకలైంది. కోమలి అరుస్తూనే ఉంది. ఆ అరుపు తనకే వినపడలేదు.

అలలు శవాన్ని తెచ్చి ఒడ్డున పడేశాయి. ఒళ్ళంతా గుండ్లు దిగిన తూట్లు. ఊరివాళ్ళు లైటు పగలగొట్టి కొట్టంతా వెతికారు. మనిషీ లేడు, తుపాకీ లేదు. స్పృహ తప్పిన కోమలిని ఇంటికి మోసుకొచ్చి, తెలివొచ్చాక కూర్చోబెట్టారు.

అక్కమ్మ గుండెలు బాదుకుంటూనే కోడలి తడి రవిక విప్పింది. చేతులు ఆగిపోయాయి. కుడి భుజం కింద నల్లగా కమిలిన మచ్చ. భుజానికి ఆనించి కాల్చే తుపాకి మడమంత ఉంది.

"ఏందే ఇది?"

బయట ఎవరో కేకేశారు. "ఇంకో పడవ వస్తా ఉండాది!"

కోమలి ఊపిరి బిగబట్టింది. ఒళ్ళో పెట్టుకున్న కుడిచేతి చూపుడువేలు దానంతటదే లోపలికి వంగింది.