బటన్ చుట్టూ రెండో గీత

“టార్గెట్ మన మంత్రిగారు. ఆయుధం పెన్ను. బటన్ నొక్కగానే వేలికి విషపు సూది దిగుతుంది. హంతక ముఠా ఏజెంట్ ఆ హాల్లోనే ఉన్నాడు. గోల చేశావంటే ఒప్పందం రద్దయిపోతుంది. జాగ్రత్త అల్లుడూ. ఓవర్.”

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు ఆగిపోయింది. చీఫ్ అంటే సీక్రెట్ సర్వీసుకు పెద్ద తలకాయ, ఏజెంట్ తొమ్మిదికి పిల్లనిచ్చిన మామ.

ఆ హాల్లో ఏజెంట్ తొమ్మిది వేషం పెన్నుల మేస్త్రీ. తెల్ల గడ్డం అతికించిందే కానీ పనితనం మాత్రం నిజం. రెండు దేశాల మంత్రులు సంతకాలు పెట్టబోయే రెండు క్లిక్ పెన్నులూ అతను చెక్కతో స్వయంగా చేసి బిగించినవే.

వెల్వెట్ ట్రే దగ్గరికెళ్లి తుడిచే నెపంతో పరీక్షించాడు. మొదటిది మామూలే. రెండోదాని బటన్ దగ్గర గుడ్డ ఆగిపోయింది.

క్లిక్ పెన్ను బిగించడంలో ఒక తిరకాసు ఉంది. భాగాలను నొక్కి బిగించే ప్రెస్సులో పెట్టి బటన్ మీదే ఒత్తితే లోపలి మెకానిజం నలిగిపోతుంది. కిందికెళ్లిన బటన్ ఇక పైకి రాదు. అందుకే అతను రంధ్రం తొలిచిన చెక్కముక్కలో బటన్‌ను దాచి, బరువంతా చుట్టూ ఉన్న అంచు మీద పడేలా ఒత్తుతాడు. అంచు మీద సన్నటి గుండ్రని గీత పడుతుంది. ఈ పెన్ను మీద రెండు గీతలున్నాయి. ఎవరో విప్పి మళ్లీ బిగించారు, అదీ అతని పద్ధతిలోనే. ఆ కిటుకు అతను నేర్పింది ప్రపంచంలో ఒక్కరికే. పక్కన కూర్చోబెట్టుకుని, చేతిలో చెయ్యి వేసి మరీ నేర్పాడు.

తలెత్తాడు. మంత్రిగారి పక్కన నీలం సిల్కు గౌనులో, ఇంటర్‌ప్రెటర్ వేషంలో అతని భార్య నిలబడి ఉంది. సర్వీసులో అతని పార్ట్‌నర్. హాల్లో సగం మంది కళ్లు ఒప్పందాన్ని వదిలేసి ఆమె మీదే ఉన్నాయి.

ఏజెంటుకు విషయం అర్థమైపోయింది. మొగుడే ఒప్పుకోలేదు.

మంత్రిగారు పెన్ను అందుకున్నారు. బొటనవేలు బటన్ మీదికి వెళ్తోంది.

“ఒక్క క్షణం సార్. ఇంకు సరిచూస్తాను.”

లాక్కున్నంత పనిచేసి, రెప్పపాటులో ఆ పెన్నును చొక్కా చేతిలోకి జారవిడిచాడు. అదే చెక్కతో చేసిన స్పేర్ పెన్ను బయటికి తీశాడు. అందులో ఏ సూదీ లేదు. దాన్ని భార్యకు అందించాడు.

“మేడమ్, మీరే ఒకసారి నొక్కి చూపించండి.”

ఆమె నొక్కితే చాలు, ఆ రెండో గీతకు తనే ఏదో ఒక కారణం వెతుక్కునేవాడు.

ఆమె పెన్ను తీసుకుంది. బొటనవేలు మాత్రం కదల్లేదు.

తడిగుడ్డతో గొంతు కోసింది. అతను పెన్ను తీసుకుని, తనే టిక్కుమని నొక్కి మంత్రిగారికిచ్చాడు. సంతకాలయ్యాయి. చప్పట్ల మధ్య ఆమె మణికట్టు పట్టుకుని పక్కగదిలోకి నడిపించాడు.

“నువ్వు నేర్పినట్టే బిగించాను కదా బావా. ఎక్కడ తప్పు చేశాను?”

“తప్పేం చేయలేదు. వేరేవాళ్లయితే మెకానిజం పాడుచేసేవాళ్లు. నా కాపురం మిగిలేది.”

ఇయర్‌పీస్ గరగరమంది.

“అల్లుడూ, ముఠా ఏజెంట్ దొరికాడా? ఓవర్.”

“దొరికింది మావయ్యా. రిపోర్టు చీఫ్‌గారికి ఇవ్వమంటారా, మా మావగారికి ఇవ్వమంటారా?”