అక్క కూర్చునే చోటు

తెల్లవారగానే అచ్చాయమ్మ చేపల బుట్ట కడిగి అరుగు మీద బోర్లించింది. ఆ రోజు పాలకొల్లు బజారుకు వెళ్లదలచుకోలేదు. వేసవిలో లాక్‌డౌన్‌కి ఆగిపోయిన పంటు ఆ ఆదివారం నుంచి మళ్లీ గోదావరి దాటుతుందని ముందురోజే మైకులో చెప్పారు. అవతలి ఒడ్డునున్న అక్క తలుపులమ్మను తీసుకురావాలి.

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. లోపల టీవీలో నలుగురు ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు.

"అసలు లాక్‌డౌనే అవసరం లేదంటున్నాడే ఆ పెద్దాయన," అన్నాడు ఆమె భర్త పల్లంరాజు, వల బాగుచేసుకుంటూ.

అచ్చాయమ్మ గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. "ఏంటీ? మళ్లీ అనమనండి."

"మనం అనమంటే అంటాడా టీవీలోవాడు!"

ఆమె కొడుకు వైపు తిరిగింది. "విన్నావా సచివాలయం బాబూ? అవసరం లేదంట."

సురేంద్ర తల వంచుకుని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు అతనే. గ్రామ సచివాలయంలో ఉద్యోగం వచ్చినప్పుడు వీధంతా మిఠాయి పంచింది అచ్చాయమ్మే. లాక్‌డౌన్‌లో రేవుకు వెదురు కర్రలు అడ్డం కట్టించింది అతనే. తలుపులమ్మ భర్త, పెదనాన్న చంద్రరావు గుండె ఆగి పోయాడని కబురొచ్చిన రోజున, తల్లి ఏడుస్తూ నావ ఎక్కబోతుంటే తెడ్లు తీసుకెళ్లి ఆఫీసులో పెట్టి తాళం వేసిందీ అతనే.

వాళ్లలో భర్త పోయిన ఆడమనిషిని తోబుట్టువు వచ్చి తీసుకెళ్లాలి. తన ఇంట్లో ఒక రాత్రి నిద్ర చేయించి, చీర పెట్టి పంపాలి. అప్పటిదాకా ఆమె ఇంకో గడప తొక్కకూడదు, బజారుకు రాకూడదు. తలుపులమ్మకు ఉన్న తోబుట్టువు అచ్చాయమ్మ ఒక్కతే.

అంతకుముందు ప్రతి ఉదయం అక్క ఎండుచేపల గంపతో పంటు దిగేది. ఇద్దరూ ఒకే ఆటోలో పాలకొల్లు వెళ్లేవారు. దారిలో ఒకే గిన్నెలో చద్దన్నం, నంజుకోవడానికి ఉల్లిపాయ. బజారులో పక్కపక్కనే గోనె పట్టాలు. చెల్లెలు బేరం తెగ్గొట్టేస్తుంటే అక్క మోచేత్తో పొడిచేది. బజారు తెరిచాక ఆ పక్క చోటులో అచ్చాయమ్మ ఎవరినీ కూర్చోనివ్వలేదు.

"అప్పుడు ఎవరికీ ఏమీ తెలీదమ్మా," అన్నాడు సురేంద్ర.

"తెలీనప్పుడు తెడ్లెందుకు తీశావు?"

"నాన్నకి ఆయాసం. నువ్వక్కడ నలుగురినీ పట్టుకుని ఏడ్చి ఇంటికొచ్చేదానివి. నాన్నకి ఏమన్నా అయితే?"

"ఏడవడానికి కూడా నీ పర్మిషన్ కావాలా? బ్రాందీ షాపులు తెరిచారు. సినిమా హాళ్లు తెరుస్తున్నారు. మా అక్క మాత్రం ఇంకా నాలుగు గోడల మధ్యే ఉంది. దాని వ్యాపారం పోయింది. ఎవరి కోసంరా ఇదంతా?"

"అవసరమో కాదో నాకూ తెలీదమ్మా. రేవు మీదుగా వెళ్లినప్పుడల్లా నేనూ అదే అనుకుంటాను. నేనూ నీతో వస్తాను."

"నువ్వొద్దు."

"తీసుకెళ్లవే," అన్నాడు పల్లంరాజు. "వాణ్ని తిట్టడానికి అక్కడ మీ అక్క కూడా తోడు దొరుకుతుంది."

పంటు మీద అదే డీజిల్ వాసన, అవే సైకిళ్లు, అరటి గెలలు. అచ్చాయమ్మ ఎప్పుడూ అక్కతో కూర్చునే మూలకే వెళ్లి కూర్చుంది. కొడుకు దూరంగా నిలబడ్డాడు.

అవతలి ఒడ్డున తలుపులమ్మ తన ఇంటి అరుగు మీద ఉంది. బాగా చిక్కిపోయింది. చెల్లెలు మెడ మీద పడి భోరుమంటే ఆమె చేతులు మాత్రం లేవలేదు.

"అక్కా, వీడే నన్ను ఆపేశాడు! ఇప్పుడేమో అదంతా అవసరమే లేదంటున్నారు!"

"మా వీధిలో తలుపులేసుకు కూర్చున్నవాళ్లూ పోయారు, తిరిగినవాళ్లూ పోయారు. అవసరమో కాదో నాకేం తెలుసు?" తలుపులమ్మ చెల్లెలి ముఖంలోకి చూసింది. "రేవు మూశారు, సరే. నీ దగ్గర ఫోనుందిగా అచ్చాయ్?"

అచ్చాయమ్మ తడబడింది. "మొదటి పరామర్శ ఫోన్లో చేస్తారా అక్కా మనలో? ఎదురుపడి ఏడవకుండా మాట్లాడకూడదు కదా."

"చెయ్యరు. అందుకే నేనూ చెయ్యలేదు. నువ్వైనా చేస్తావేమోనని ఫోను కొంగున కట్టుకు తిరిగాను." ఆమె సురేంద్ర వైపు చెయ్యి చూపించింది. "పద్ధతులు తెలీని ఈ వెధవే చేశాడు. రోజూ చేశాడు. తిన్నావా పెద్దమ్మా అనేవాడు, పెట్టేసేవాడు. వీడితో అబద్ధమాడలేక ఇంత వండుకునేదాన్ని."

అచ్చాయమ్మ కొడుకు వైపు తిరిగింది. "నాకు చెప్పలేదేంట్రా?"

"తిడతావని," అన్నాడు సురేంద్ర.

ఇన్ని నెలలూ అచ్చాయమ్మ వాడి కంచంలో అన్నం విసిరినట్టు వడ్డించింది. తెడ్ల సంగతి రోజుకోసారి ఎత్తిపొడిచింది. నడుముకున్న సంచిలో ఫోను మాత్రం ముట్టుకోలేదు.

"రేవు మూసింది వాడే అక్కా," అంది చివరికి. "నీతో మాట్లాడనిది మాత్రం నేనే."

అప్పుడు లేచాయి తలుపులమ్మ చేతులు. అక్కచెల్లెళ్లిద్దరూ ఏడుస్తుంటే సురేంద్ర అరుగు కింద పెద్దమ్మ గంప దుమ్ము దులుపుతూ కూర్చున్నాడు.

ఆ రాత్రి తలుపులమ్మ చెల్లెలి ఇంట్లో నిద్ర చేసింది. పొద్దున్నే కొత్త చీర కట్టుకుంది. ఆటో దిగి బజారు దాకా సురేంద్రే గంప మోశాడు. అచ్చాయమ్మ అక్క చోటును కొంగుతో తుడిచి గోనె పరిచింది.

"ఏమ్మా, ఇన్నాళ్లూ కనబడలేదు?" అనడిగింది ఎప్పుడూ ఆమె దగ్గరే కొనే పాత బేరం ఆవిడ.

"మా చెల్లెలు తీసుకురాలేదండి," అంది తలుపులమ్మ. అని మోచేత్తో చెల్లెల్ని పొడిచింది.

సురేంద్ర ఆఫీసుకు బయలుదేరబోతుంటే అచ్చాయమ్మ పిలిచింది. "ఒరేయ్! అదంతా అవసరమేనంటావా?"

"నిజంగా తెలీదమ్మా."

"సర్లే." నడుము సంచిలోంచి ఫోను తీసి అతని చేతిలో పెట్టింది. "మళ్లీ ఎప్పుడైనా రేవు మూయాల్సొస్తే మూయి. మీ పెద్దమ్మ నంబరు ఇందులో ఎక్కడుందో ముందు నాకు చూపించు."